రత్నపరీక్షకుడు టావెర్నియరు

జాన్ బాప్తిస్తు టావెర్నియరు 1605వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. అతని తండ్రి దేశపటముల వర్తకుడు. ఆ యింటికి వచ్చు విద్వాంసులు దూరదేశములను గూర్చి ముచ్చటించుచుండగా విని, బాలుడు ప్రయాణములపై మక్కువ పెంచుకొనెను. పెద్దవాడై రత్నవర్తకము చేపట్టి, సుమారు నలువది ఏండ్లలో ఆరు పర్యాయములు తూర్పు దేశములకు పయనించెను. ఆ కాలమున వజ్రములకు గోలకొండ రాజ్యము పేరుపొందినది. కావున అతడు కృష్ణాతీరమునకు వచ్చెను.

పల్నాటి సీమలోని కొల్లూరు గనిలో స్త్రీలు, పిల్లలతో కూడ 60,000 మంది పనిచేయుచుండిరని అతడు వ్రాసెను. అంతకు సుమారు నూరేండ్ల క్రిందట, పైరు విత్తుటకు నేల త్రవ్వుచున్న ఒక పేదవానికి అచ్చట 25 క్యారట్ల రాయి దొరికెనట. దాని విలువ అతడెరుగడు. గోలకొండకు కొనిపోయి చూపగా, వజ్రవర్తకుడు నిర్విణ్ణుడయ్యెను.

ముడివజ్రము సానపట్టిన వజ్రమువలె తళతళలాడదు. జిడ్డు పూసిన గాజుముక్కవలె నుండును. లోపలి బీటలను, మచ్చలను బయటి పొర కప్పివేయును. దానిని చూచి వెల కట్టుట సామాన్యవిద్య కాదు. ఆ విద్యలో ఆరితేరిన పిల్లలను టావెర్నియరు మరియొక గనియొద్ద చూచెను. పది మొదలు పదునారేండ్ల వయసుగల వర్తకుల బాలురు ప్రతిదినము ఉదయమున చెట్టుక్రింద కూర్చుండెడివారు. ఒక్కొక్కనియొద్ద తూనికరాళ్ల సంచి, వరహాల సంచి యుండును. ఎవరైన రాయి తెచ్చినచో అందరిలో పెద్దవాడు దానిని చూచి ప్రక్కవానికిచ్చును. ఒక్క మాటయైన లేక అది చేతులు మారి మరల వానిని చేరును. అప్పుడే బేరము. ఎక్కువ వెలకు కొన్నచో నష్టము ఆ పెద్దవానిదే. ఇంతకంటె మంచి బడి ఆ వృత్తికి వేరొకటి యుండదు!

రాతి స్వచ్ఛతను ఐరోపావారు పగటి వెలుతురులో పరీక్షింతురు. ఇచ్చటివారు రాత్రివేళ గోడగూటిలో దీపముంచి, రాతిని వ్రేళ్లతో పట్టుకొని ఆ వెలుగున చూచెడివారు. నీలిచాయ కలదో లేదో తెలియుటకు దట్టమైన చెట్టునీడకు కొనిపోయెడివారు. టావెర్నియరు ఈ పద్ధతులన్నియు శ్రద్ధగా వ్రాసికొనెను.

వెల కట్టుటకు అతడు తెలిపిన లెక్క యిది. రాతి బరువును అదే సంఖ్యతో గుణించి, ఆ లబ్ధమును ఒక క్యారటు వెలతో గుణింపవలెను. నిర్దోషమైన క్యారటు వెల 150 లీవరులు. లీవరు నాటి ఫ్రెంచి నాణెపు లెక్క. 12 క్యారట్ల మేలైన రాతికి 21,600 లీవరులు వచ్చును. దోషమున్నచో క్యారటు వెల 80 లీవరులు, లేక అంతకు తక్కువ. అప్పుడు అదే రాయి 11,520 లీవరులకు దిగిపోవును. ఒక్క బీటను గుర్తింపనివాడు సగము సొమ్ము పోగొట్టుకొనునన్నమాట.

దీనికి గొప్ప దృష్టాంతమును అతడు 1665లో ఔరంగజేబు కొలువులో చూచెను. కొల్లూరు గనిలో దొరికిన ఒక మహావజ్రమును మీర్ జుమ్లా మొగలు చక్రవర్తికి కానుకగా సమర్పించెను. ముడిగా అది 787½ క్యారట్లు తూగినదట. హోర్టెన్సియో బోర్జియో అను వెనిసు నగరవాసికి దానిని సానపట్టుట కప్పగించిరి. దోషమున్న చోట చీల్చి మేలైన ముక్కలు తీయుటకు మారుగా, అతడు రాతినంతయు అరగదీసెను. చివరకు సగము కోసిన గ్రుడ్డు ఆకారమున సుమారు 280 క్యారట్లు మిగిలెను. కూలి యీయకపోగా అతనికి 10,000 రూపాయల జరిమానా విధించిరి. మిగిలిన ఆ రాతినే టావెర్నియరు తన లెక్క ప్రకారము కోటి పదిహేడు లక్షల లీవరులకు పైగా వెల కట్టెను. పోయినదెంతయో ఊహింపవచ్చును.

అతడు స్వదేశమునకు కొనిపోయిన నీలివజ్రము 112 క్యారట్లకు పైబడినది. అదియు కొల్లూరుదేయని పలువురి అభిప్రాయము. ఆ నీలిరంగునకు కారణము బోరాను అను మూలకమని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పదునాలుగవ లూయీ రాజు దానిని కొని, 1673లో మరల సానపట్టించెను. 1792లో అది దొంగల పాలయ్యెను. దానినుండి కోసినదే 45.52 క్యారట్ల హోపు వజ్రము. 1958 నుండి వాషింగ్టను నగరపు ప్రదర్శనశాలలో నున్నది. కొల్లూరు మాత్రము పులిచింతల జలాశయములో మునిగిపోయినది.

రాజు టావెర్నియరును ప్రభువర్గములో చేర్చెను. అతడు ఓబోను అను సంస్థానమును కొని కొంతకాలము సుఖముగా నుండి, 1685లో దానిని అమ్మివేసెను. ఎనుబది దాటిన వయసున మరల తూర్పునకు బయలుదేరి, 1689లో రష్యాదేశమున మరణించెను.