తోకచుక్కను కనుగొనిన విద్యార్థి: వేణు బాపు

మన నర్సీపట్నము చుట్టునున్న పల్లెలలో అమావాస్యనాటి రాత్రి తలయెత్తి చూచినచో ఆకాశము నక్షత్రములతో నిండియుండును. వానినడుమ నెన్నడైన తోకచుక్క కానవచ్చినచో దేశమునకు కీడు మూడినదని మన పూర్వులు భయపడెడివారు. తోకచుక్క యనగా మంచును ధూళియు కలిసిన గడ్డ యనియు, అది సూర్యుని సమీపించినపుడు మంచు ఆవిరియై, ధూళితో గూడ సూర్యుడున్న దిక్కునకు వ్యతిరేకముగా తోకవలె సాగుననియు నేడు విద్యార్థు లెఱుగుదురు. హైదరాబాదులో చదువుకొని పైచదువునకై అమెరికా కేగిన యొక యువకుడు, 21 ఏండ్ల ప్రాయమున, అట్టి తోకచుక్క నొకదానిని కనుగొనెను. ఆయన చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

మనాలి కల్లట్ వేణు బాపు 1927వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని మద్రాసులో జన్మించెను. వారి కుటుంబము మలబారు ప్రాంతమునకు చెందినది. తండ్రి సునన్న బాపు హైదరాబాదులోని నిజామియా వేధశాలలో సహాయకోద్యోగిగా నుండెను. ఆ వేధశాలను 1901లో నవాబు జఫర్ జంగు తన సొంత ధనముతో స్థాపించెను. 1908లో నిజాము ప్రభుత్వమువారు దానిని స్వీకరించిరి. ఆకాశము నంతటిని ఫోటోగ్రాఫు పలకలపై చిత్రించి నక్షత్రముల స్థానములను కొలుచుటకై పలుదేశముల వేధశాలలు పంచుకొనిన మహాకార్యములో ఆ వేధశాలయు తన వంతు పనిని నెరవేర్చెను. తల్లిదండ్రులకు ఒక్కడే కుమారుడైన వేణు బాపునకు ఆకాశవిద్య ఇట్లు తండ్రి కొలువుచేయుచోటనే పరిచయమయ్యెను. ఆ వేధశాలలోని పరికరములను ఆ బాలుడు చిన్ననాటినుండియు దగ్గరగా చూడగలిగెను.

పిమ్మట ఆయన నిజాం కళాశాలలో చదివెను. ఆ కళాశాల యప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. విద్యార్థిగా నున్నప్పుడే కాంతి హెచ్చుచు తగ్గుచుండు నక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించెను. భౌతికశాస్త్రమున ఎం.ఎస్సీ. పట్టమును పొందెను. కాని నక్షత్రముల భౌతికశాస్త్రమును పైతరగతులలో నేర్చుటకు ఆ దినములలో మన దేశమున వసతులు మిక్కిలి తక్కువ. ఆ సమయమున హార్వర్డు వేధశాలాధ్యక్షుడగు హార్లో షాప్లీ పండితుని ప్రోత్సాహమును, హైదరాబాదు ప్రభుత్వమువారి విద్యార్థివేతనమును ఆయనకు లభించెను. 1949వ సంవత్సరారంభమున వేణు బాపు హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను.

చేరిన కొలది నెలలకే, జూలై 2వ తేదీని, ఆయన పేరు లోకమునకు తెలిసెను. ఆనాడు తీసిన ఆకాశపు ఫోటోగ్రాఫు పలకను పరీక్షించుచుండగా, నక్షత్రముల చుక్కల నడుమ వింతయైన గుర్తొకటి ఆయన కంటబడెను. అట్టి గుర్తు పలకలోని లోపమువలన నేర్పడినదైనను కావచ్చును. అజాగ్రత్తగలవాడు దానిని విడిచి ముందునకు పోవును. వేణు బాపు విడువలేదు. ఆచార్యుడగు బార్ట్ బాక్, తోడి విద్యార్థియగు గోర్డన్ న్యూకర్క్ దానిని పరిశీలించి క్రొత్త తోకచుక్కయేయని నిశ్చయించిరి. అందుచే దానికి బాపు, బాక్, న్యూకర్క్ అను మువ్వురి పేర్లును గలిపి పెట్టిరి. అది సూర్యుని చుట్టివచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని లెక్కించిరి. ఈ పనికిగాను పసిఫిక్ ఖగోళ సంఘమువారు ఆయనకు డోనహో పతకము నొసగిరి. మరుసటి యేడు, అనగా 1950లో, అదే హార్వర్డున నున్న ఫ్రెడ్ విప్పుల్ పండితుడు తోకచుక్క గర్భము మంచుగడ్డయని తన సిద్ధాంతమును ప్రకటించెను. తోకచుక్కల విద్య క్రొత్తదారి పట్టుచున్న కాలమున, ఆ దారిలోనే మన విద్యార్థి యుండెను.

1952లో ఆయన డాక్టరు పట్టమును పొందెను. తరువాత కార్నెగీ వేతనముపై కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమారు వేధశాలలలో పనిచేసెను. అచట ఆలిన్ విల్సన్ అను పండితునితో గూడి యొక సూత్రమును కనుగొనెను. కొన్ని నక్షత్రముల కాంతిని విడదీసి చూచినపుడు, కాల్షియము వలన గలుగు నల్లని గీత నడుమ నొక సన్నని వెలుగుగీత కనబడును. ఆ వెలుగుగీత యెంత వెడల్పుగా నున్నచో ఆ నక్షత్రము సహజముగా నంత కాంతిమంతమని వారు చూపిరి. నిజమైన కాంతి తెలిసిన, కంటికి కనబడు కాంతితో పోల్చి దూరమును గణింపవచ్చును. 1957లో ప్రకటితమైన ఈ విషయమునకు విల్సన్-బాపు ఫలితమని పేరు.

పాలోమారు కొండమీద అప్పటి ప్రపంచమునందు అన్నిటికంటె పెద్దదియగు 200 అంగుళముల దూరదర్శని కలదు. ఆనాటి మన దేశపు దూరదర్శనులు దానిలో పదియవ వంతునకు మించినవి కాకుండెను. అయినను ఆయన 1953లో స్వదేశమునకు మరలివచ్చెను. సొంత పరిశోధన కుంటువడుటకు సిద్ధపడియే వచ్చెననవలెను. 1954లో కాశీలో నారంభమైన ఉత్తరప్రదేశ్ రాష్ట్ర వేధశాలను నిర్వహించి, 1955లో దానిని నైనితాలునకు మార్పించెను. 1960లో కొడైకెనాలు వేధశాలాధ్యక్షుడయ్యెను. రాత్రి పరిశీలనకు తగిన నిర్మలాకాశమును వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండలయందు కావలూరు అను గ్రామసమీపమును ఎన్నుకొనెను. 1968లో అచట 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శని పని మొదలుపెట్టెను. 1972లో ఒక మీటరు దూరదర్శని చేరెను. 1977 మార్చి 10వ తేదీని యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డుగా పోయినపుడు, ఆ గ్రహమునకు వలయములు గలవని తెలిపిన పరిశీలనలలో కావలూరు పరిశీలనయు నొకటి.

1971లో భారత ఖగోళభౌతిక సంస్థ యేర్పడగా ఆయన దానికి మొదటి అధ్యక్షుడయ్యెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడుగా నెన్నుకొనబడెను. 1981లో ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదము నిచ్చిరి. కాని ఆయన మనస్సంతయు, మన దేశమునందే మన పనివారిచే నిర్మింపబడుచుండిన 234 సెంటీమీటర్ల దూరదర్శనిపై నుండెను. దానిని కన్నులార చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1982 ఆగస్టులో గ్రీసు దేశమున తాను అధ్యక్షత వహింపవలసిన ఖగోళ మహాసభ జరుగుచుండగా, జర్మనీలోని మ్యూనిక్ నగరమున, గుండెకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, 19వ తేదీని ఆయన మరణించెను. వయస్సు 55 సంవత్సరములు. ఆ దూరదర్శని 1986 జనవరి 6వ తేదీని ప్రారంభింపబడెను. దానికిని కావలూరు వేధశాలకును ఆయన పేరే పెట్టిరి.

విద్యార్థులారా, ఆయన కనుగొనిన తోకచుక్కను మనలో నెవ్వరును మరల చూడబోము. ఆయన కట్టించిన వేధశాలనుండి మాత్రము మన దేశపు యువకులు విదేశములకు పోకయే ఆకాశమును పరిశీలింపగలిగిరి. కంటబడిన చిన్న గుర్తును విడువకుండుట ఆయనకు కీర్తిని తెచ్చెను. నేర్చిన విద్యను స్వదేశమునకు గొనివచ్చుట మనకు మేలు చేసెను. ఈ రెండు గుణములును మనము అలవరచుకొనదగినవి.