మ్యాగీ లీనా వాకర్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్. జేమ్స్ నది ఒడ్డున వెలసిన ఈ నగరం బానిసల క్రయవిక్రయాలకు ఒకనాడు పేరుమోసిన అంగడి. అంతర్యుద్ధకాలంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి ఇదే రాజధాని. మనుషులనే సరుకుగా అమ్మిన ఆ నగరంలో, అంతర్యుద్ధం ముగిసిన నాలుగు దశాబ్దాలలోపే, ఒక నల్లజాతి స్త్రీ బ్యాంకును స్థాపించి దానికి అధ్యక్షురాలయింది. ఆమె పేరు మ్యాగీ లీనా వాకర్.

మ్యాగీ 1864 జూలై 15న జన్మించింది. ఆమె పుట్టిన సంవత్సరం 1867 అని చాలాకాలం భావించారు గాని, తరువాతి పరిశోధకులు 1864 అని నిర్ధారించారు. తల్లి ఎలిజబెత్ డ్రేపర్ పూర్వం బానిస. రిచ్‌మండ్‌లోని ఎలిజబెత్ వాన్ లూ అనే సంపన్నురాలి భవనంలో వంటపనిలో సహాయకురాలిగా ఉండేది. ఈ వాన్ లూ దక్షిణాది రాజధానిలోనే నివసిస్తూ ఉత్తరాది సైన్యానికి రహస్యంగా వార్తలు చేరవేసిన ధీర. మ్యాగీ తండ్రి ఐర్లండులో పుట్టిన శ్వేతజాతీయుడు. ఆనాటి చట్టం అటువంటి జంటకు వివాహార్హత నీయలేదు. 1868లో తల్లి అదే ఇంటి పరిచారకుడైన విలియం మిచెల్‌ను పెండ్లాడింది.

1876లో మిచెల్ శవం జేమ్స్ నదిలో దొరికింది. పోలీసులు ఆత్మహత్య అన్నారు. కుటుంబం మాత్రం అది హత్యేనని నమ్మింది. దిక్కులేని ఎలిజబెత్ శ్వేతజాతీయుల ఇళ్ల బట్టలు తెచ్చి ఉతకడం వృత్తిగా చేసుకొంది. ఉతికిన బట్టల బుట్టలను ఇల్లిల్లూ తిరిగి అందించడం మ్యాగీ పని. ఒక వర్గం వారి కష్టార్జితం ఎవరి చేతులనుండి వచ్చి మరల ఎవరి చేతుల్లోకి పోతున్నదో ఆ బాలిక తెలుసుకొన్నది గ్రంథాలలో కాదు, ఆ వీథులలోనే.

1883లో ఆమె ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల విద్య ముగించింది. ఆ సంవత్సరం పట్టప్రదానం విషయంలో వివాదం చెలరేగింది. శ్వేతజాతి విద్యార్థుల ఉత్సవం నగరంలోని నాటకశాలలో జరిగేది. నల్లజాతి విద్యార్థులకు చర్చి మాత్రమే గతి. తమ తల్లిదండ్రులూ పన్నులు కడుతున్నప్పుడు తమకీ భేదమేమిటని మ్యాగీ తరగతివారు నిలదీశారు. చివరకు చర్చికి పోక తమ పాఠశాలలోనే ఉత్సవం జరుపుకొన్నారు. తరువాత మూడేళ్లు ఆమె ఉపాధ్యాయినిగా పనిచేసింది. 1886లో తాపీపని గుత్తేదారు కుటుంబానికి చెందిన ఆర్మ్‌స్టెడ్ వాకర్‌ను వివాహమాడగానే ఉద్యోగం వదలవలసి వచ్చింది. వివాహితలు బోధించరాదన్నది అప్పటి నియమం.

పధ్నాలుగేళ్ల ప్రాయంలోనే ఆమె 'ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ ల్యూక్' అనే పరస్పర సహాయ సంఘంలో చేరింది. 1867లో బాల్టిమోర్‌లో మేరీ ప్రౌట్ స్థాపించిన సంఘమిది. సభ్యులు స్వల్ప చందాలు చెల్లిస్తే, జబ్బుపడినప్పుడు సంఘం ఆదుకొనేది. మరణిస్తే అంత్యక్రియలు జరిపించేది. బీమా సంస్థలు నల్లజాతీయులను దూరంగా ఉంచిన రోజుల్లో పేదవానికి ఇదే బీమా. 1899లో మ్యాగీ సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యేనాటికి సభ్యులు సుమారు వేయిమంది. బొక్కసంలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు; తీర్చవలసిన బకాయిలు 400 డాలర్లు. బాధ్యత స్వీకరించడానికి ఎవరికీ మనసొప్పని తరుణమది.

1901 సభలో ఆమె మూడు సంకల్పాలు ప్రకటించింది: ఒక పత్రిక, ఒక బ్యాంకు, ఒక దుకాణం. సంఘసభ్యుల సొమ్ము తమను అవమానించేవారి బ్యాంకుల్లో పడి, వారి వ్యాపారాలనే పోషించడం ఆమెకు సహించరాని విషయం. 1902లో 'సెయింట్ ల్యూక్ హెరాల్డ్' పత్రిక వెలువడింది. అదే ఏడు వర్జీనియా కొత్త రాజ్యాంగం నల్లజాతీయుల ఓటుహక్కును దాదాపు ఊడబెరికింది. ఓటు పోయినవాడికి మిగిలిన బలం తన చేతిలోని కాసు మాత్రమే గదా! ఆ కాలంలో బ్యాంకు స్థాపన వెనుక ఉన్న ఆవేదనను ఈ కోణంలో చూడాలి.

బ్యాంకు నడపడం తెలియనిదే దిగడం ఆమె స్వభావం కాదు. నగరంలోని ఒక శ్వేతజాతి బ్యాంకులో కొన్ని నెలలు రోజూ కొన్ని గంటలు కూర్చొని పద్దుల మర్మాలు నేర్చుకొంది. 1903 నవంబరు 2న 'సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు' తలుపులు తెరిచింది. తొలిరోజున 280 మంది 8,000 డాలర్లకు పైగా జమచేశారు. వారిలో ఒకరి జమ 31 సెంట్లు! చాకిరేవు స్త్రీలు, వంటమనుషులు, కూలీలు ఈ బ్యాంకు ఖాతాదారులు. పిల్లలకు చిన్న అట్టపెట్టెలిచ్చి సెంట్లు కూడబెట్టడం నేర్పారు. ఆ చిల్లరే గృహరుణాలుగా మారింది. 1920 నాటికి దాదాపు ఆరువందల నల్లజాతి కుటుంబాలు ఈ బ్యాంకు సాయంతో సొంత ఇల్లు సంపాదించుకొన్నాయి. వంటయింటికి, రేవుకు పరిమితమైన యువతులు సంఘం కార్యాలయంలో గుమాస్తాలై, టైపిస్టులై కూర్చోగలిగారు. ఆమె సాధించినవాటిలో ఇదే మిన్న అనిపిస్తుంది.

1904లో ట్రాముబండ్లలో జాతులవారీగా వేరు సీట్లు కేటాయించినప్పుడు, మ్యాగీ, పాత్రికేయుడు జాన్ మిచెల్ కలిసి బహిష్కరణకు పిలుపునిచ్చారు. ప్రజలు నెలల తరబడి కాలినడకన పనులకు పోయారు. ట్రాము కంపెనీ ఆ ఏడే దివాలా తీసింది. అయినా 1906లో వేరు సీట్లను తప్పనిసరి చేస్తూ రాష్ట్రమే చట్టం చేసింది.

మూడవ సంకల్పమైన దుకాణం 1905లో బ్రాడ్ వీథిలో 'సెయింట్ ల్యూక్ ఎంపోరియం' పేరుతో వెలిసింది. నగరంలో ప్రధానమైన ఆ వీథిలో నల్లజాతి స్త్రీలు అమ్మకందార్లుగా నిలబడడం శ్వేతజాతి వర్తకులకు కంటగింపయింది. దుకాణం తెరవకుండా ఉంటే 10,000 డాలర్లిస్తామని ఆశపెట్టారు. అది చెల్లకపోగా సంఘంగా ఏర్పడి, ఎంపోరియానికి సరుకివ్వరాదని టోకు వర్తకులపై ఒత్తిడి తెచ్చారు. కాని దోషమంతా వారిదే అనలేము. అలవాటుపడిన శ్వేతజాతి దుకాణాలను వదలి స్వజనుల అంగడికి రావడానికి నల్లజాతి కొనుగోలుదారులే ముందుకు రాలేదు. పొదుపు చేయించగలిగిన మ్యాగీ వారి కొనుగోలు అలవాటును మాత్రం మార్చలేకపోయింది. ఏడేళ్లలోపే దుకాణం మూతపడింది.

బ్యాంకు మాత్రం నిలిచింది. రిచ్‌మండ్‌లోనే ట్రూ రిఫార్మర్స్ సంఘం నడిపిన పెద్ద బ్యాంకు 1910లో కూలిపోయింది. ఆ తరువాత బ్యాంకులను సంఘాలనుండి విడదీయాలని చట్టం వచ్చినప్పుడు మ్యాగీ ఆ మార్పును సకాలంలో చేసి తన బ్యాంకును గట్టెక్కించింది. 1922లో జాన్ మిచెల్ బ్యాంకు సైతం పతనమైంది.

ఇంటి బ్రతుకు మాత్రం ఆమెను కలచివేసింది. 1915 జూన్‌లో ఒక రాత్రి ఆమె కుమారుడు రస్సెల్, దొంగ అనుకొని చీకటిలో తుపాకి పేల్చగా తండ్రి ప్రాణాలు విడిచాడు. హత్యానేరంపై విచారణ జరిగి రస్సెల్ నిర్దోషిగా విడుదలయ్యాడు. పతివియోగం ఒకవైపు, బోనులో బిడ్డ మరొకవైపు. ఇదే అదనుగా సంఘంలో కొందరు ఆమెను పదవినుండి తొలగించజూశారు. ఆమె తన స్థానం విడువలేదు. 1922లో తల్లి, మరుసటి ఏడు రస్సెల్ గతించారు. 1907లో పడిపోయి విరిగిన మోకాలి చిప్ప బాధ ముదిరి, 1928 నాటికి ఆమె చక్రాల కుర్చీకి పరిమితమైంది. ఇంట్లో లిఫ్టు అమర్పించుకొని, కుర్చీతో సహా ఎక్కేలా కారును మార్పించుకొని కార్యాలయానికి పోయివస్తూనే ఉండేది. అప్పటికే సంఘసభ్యులు 50,000 మందికి చేరారు.

ఆర్థికమాంద్యం ముంచుకొచ్చిన వేళ నగరంలోని ఇతర నల్లజాతి బ్యాంకులను తన బ్యాంకులో విలీనం చేసి 1930లో 'కన్సాలిడేటెడ్ బ్యాంక్ అండ్ ట్రస్ట్ కంపెనీ'ని రూపొందించి, దాని పాలకమండలికి అధ్యక్షత వహించింది. వేలాది అమెరికన్ బ్యాంకులు మూతపడిన ఆ ఏండ్లలో ఇది తట్టుకొంది. మ్యాగీ 1934 డిసెంబరు 15న కన్నుమూసింది.

ఆమె నివసించిన జాక్సన్ వార్డు నల్లజాతి వ్యాపారాలకు నెలవై విలసిల్లింది. 1950లలో రహదారి నిర్మాణం ఆ పేటను రెండుగా చీల్చివేసింది. లీ వీథిలోని ఆమె ఇల్లు 1978లో జాతీయ చారిత్రక స్థలమైంది. బ్యాంకు 2005లో వేరొక సంస్థ చేతికి చేరింది. 2011లో ఆ పేరు కూడా మారింది. 2017 జూలై 15న, ఆమె పుట్టినరోజున, ఎంపోరియం మూతపడిన ఆ బ్రాడ్ వీథిలోనే రిచ్‌మండ్ నగరం ఆమె కాంస్యవిగ్రహాన్ని నిలిపింది.