కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే

మన వెంకటగిరికోట విద్యార్థులలో కొందఱు సెలవుదినములందు చిన్నచిన్న యంత్రములను స్వహస్తములతో నిర్మింప నుత్సహించుట మాకు మిక్కిలి సంతోషకరమైన విషయము. నాలుగు స్పీకర్లకు నాలుగు వేఱువేఱు ఛానళ్లుగా ధ్వనిని బంపునట్టి ఆంప్లిఫయరును ఇంటిలోనే కూర్చుకొనవలెనని తలచువారును వీరిలో నుందురు. అట్టివారు ధ్వనిని గూర్చి ఎంతయో విచారింతురు గాని, యంత్రమునకు విద్యుత్తు నందించు భాగమును గూర్చి చివరివఱకు తలపరు. చిక్కులును అపాయములును ఎక్కువగా నున్నది ఆ భాగమునందే. అందు ముఖ్యముగా నాలుగు వస్తువులుండును: ట్రాన్స్‌ఫార్మరు, డయోడులు, కెపాసిటర్లు, వీనినెల్ల గప్పియుంచు లోహపు పెట్టె. ఈ నాల్గింటి చరిత్రమును వెదకికొని పోయినచో నాలుగు త్రోవలును ఒక్క మనుష్యుని వాకిటికే చేరును. అతడు కళాశాల గడప త్రొక్కి చదివినవాడు కాడు. ఆ మహనీయుని జీవితమును సంగ్రహముగా దెలుపుట మా యుద్దేశము.

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీని లండను నగరమునకు దక్షిణమున న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. ఆయన తఱచు వ్యాధిగ్రస్తుడై పనికి బోలేకుండుటచే ఆ కుటుంబమునకు కడుపునిండ దిను దినములు తక్కువ. 1801లో ఆహారపదార్థముల ధరలు పెరిగినప్పుడు, తొమ్మిదేండ్ల మైకేలునకు వారమంతటికిని ఒక్క రొట్టె మాత్రమే యిచ్చెడివారట. విద్య యన్ననో, చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు, అంతమాత్రమే. పదుమూడవయేట జార్జి రీబో అను పుస్తకవర్తకునియొద్ద వార్తాపత్రికలు మోయు పనికి గుదిరెను. మఱుసటి సంవత్సరము ఆయనయొద్దనే ఏడేండ్ల గడువునకు పుస్తకములకు అట్టలు గట్టు పని నేర్వజేరెను.

అట్టలు గట్టుటకై వచ్చిన గ్రంథములను ఆ బాలుడు రాత్రులందు చదువసాగెను. విజ్ఞానసర్వస్వములోని విద్యుత్తు వ్యాసమును, జేన్ మార్సెట్ అను విదుషీమణి రచించిన రసాయనశాస్త్ర గ్రంథమును అతని మనస్సును హరించినవి. యజమాని దయగలవాడగుటచే చదువుట కడ్డు చెప్పలేదు. అన్న రాబర్టు కమ్మరిపని చేయుచు, తమ్ముడు శాస్త్రోపన్యాసములు వినుటకై ఒక్కొక్కదానికి ఒక షిల్లింగు చొప్పున నిచ్చెను. ఆ షిల్లింగు లేకున్నచో ఫారడే చరిత్రము ఏమైయుండునో మనము చెప్పజాలము.

1812లో నొక ఖాతాదారుని దయవలన రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ యుపన్యాసములు నాలుగు వినుభాగ్యము అతనికి గలిగెను. విన్నదంతయు సాఫుగా వ్రాసి, బొమ్మలు గీసి, తానే అట్టగట్టెను. ఆ జూలై మాసమున ఏడు రాగి అర్ధపెన్నీ నాణెములను, అంతే పరిమాణముగల ఏడు జింకు బిళ్లలను దీసికొని, నడుమ ఉప్పునీట దడిపిన కాగితపు ముక్కలుంచి, ఒకదానిపై నొకటి పేర్చి, వోల్టా కనుగొనిన విద్యుత్సాధనమును దాను దయారుచేసెను. తఱువాత అట్టి సాధనముతో మెగ్నీషియము లవణమును విడగొట్ట గలిగెను. ముట్టినను కీడు సేయని యంత స్వల్పశక్తితో అతడు ప్రారంభించుటను నూతనాభ్యాసకులు గమనింపవలెను.

అట్టగట్టిన ఆ పుస్తకమును డేవీకి బంపి యుద్యోగము వేడెను. డేవీ మొదట, చేతనున్న వృత్తిని విడువవలదని హితవు చెప్పెను. శాస్త్రము కూడు పెట్టునో పెట్టదో తెలియదు, తండ్రి అప్పటికే గతించెను, తల్లిని పోషింపవలసియుండెను. అయినను 1813 మార్చి 1వ తేదీని వారమునకు 25 షిల్లింగుల జీతమునకు ప్రయోగశాలలో సహాయకుడుగా ఫారడే ప్రవేశించెను. కొలది వారములలోనే, డేవీతో గూడి పరీక్షించుచున్న పదార్థము పలుమారులు ప్రేలి అతని చేతికి గాయమయ్యెను. ముఖమునకు గాజు ముసుగు ధరించి పనిచేయుచుండుటచే ముఖమునకు ముప్పు తప్పెను. ముందుజాగ్రత్త పిఱికితనము కాదని అతడు ఆనాడే నేర్చెను.

ఆ పిమ్మట పదునెనిమిదేండ్లకు ఆయన పేరును శాశ్వతము గావించిన దినము వచ్చెను. విద్యుత్తువలన అయస్కాంతశక్తి పుట్టునని అప్పటికే తెలియును. అయస్కాంతమువలన విద్యుత్తు పుట్టదా యని ఆయన పలుమారులు యత్నించి విఫలుడయ్యెను. 1831 ఆగస్టు 29వ తేదీని, ఆరు అంగుళముల వ్యాసముగల మెత్తని యినుప వలయమునకు రెండు ప్రక్కల రాగితీగను జుట్టలుగా జుట్టెను. తీగకు తీగ తగులకుండ నూలుదారమును గుడ్డను నడుమ బెట్టెను. మొదటి చుట్టకు బ్యాటరీని దగిల్చిన క్షణమున రెండవ చుట్టకు జేర్చిన తీగచెంతనున్న అయస్కాంతపు సూది కదలెను, వెంటనే నిలిచిపోయెను. బ్యాటరీని దీసిన క్షణమున మరల గదలెను. నడుమ ప్రవాహము నిలుకడగా సాగుచున్నంతసేపు చలనమే లేదు. అన్యుడైనచో నిది లోపమని విడిచియుండును. ఫారడే మాత్రము విద్యుత్తును పుట్టించునది ప్రవాహముయొక్క మార్పే యని గ్రహించెను.

నేటి ట్రాన్స్‌ఫార్మరు ఆ యినుప వలయమే. మన యిండ్లకు వచ్చు 230 వోల్టుల విద్యుత్తు క్షణమునకు 50 మారులు ఇటునటు మారుచుండుట చేతనే అది పనిచేయును. నాలుగు ఛానళ్లు ఒక్కొక్కటి 20 వాట్ల చొప్పున ధ్వని నిచ్చినచో మొత్తము 80 వాట్లు. వేడిమిగా పోవుదానిని గూడ జేర్చి సుమారు 150 వోల్టు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరును గైకొనుట మేలు. ఒక్క ఛానలు లెక్క జూచి కొనినచో నాలుగును గలిసి పలుకునప్పుడు అది వేడెక్కి దెబ్బతినును.

ట్రాన్స్‌ఫార్మరునుండి వెడలునదియు మాఱు విద్యుత్తే. దానిని ఒకే దిక్కున నడిపించునవి డయోడులు. 1833లో ఫారడే, వెండి గంధకములు గలసిన పదార్థము వేడిమివలన విద్యుత్తును ఎక్కువగా బోనిచ్చుటను జూచి యాశ్చర్యపడి వ్రాసియుంచెను. లోహములందు ఇందుకు విరుద్ధముగా జరుగును. అర్ధవాహకముల గుణమును మొదట గుర్తించినది ఇట్లే. ఇక డయోడులు దాటిన విద్యుత్తు అలలుగా వచ్చును. ఆ యలలను నిండు చెఱువువలె దనలో నిలుపుకొని సమముగా విడుచునది కెపాసిటరు. దాని రేకుల నడుమ నుంచు పదార్థమునుబట్టి ఎంత విద్యుత్తు నిలుచునో 1837లో ఫారడే నిరూపించెను. 1881లో పారిస్ మహాసభవారు ఆ కొలతకు ఫారడు అని ఆయన పేరే స్థిరపఱచిరి. 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు నుండి అలల శిఖరమున సుమారు 25 వోల్టులు వచ్చును గావున, కెపాసిటరు 35 వోల్టులకైనను దాళునదిగా నుండవలెను. మీట ఆర్పిన తఱువాతను ఆ చెఱువులో నీరుండునని మఱవరాదు. దానిని ఖాళీచేయుటకు ఒక రెసిస్టరును ఎల్లప్పుడు జోడింపవలెను.

1836లో ఫారడే పండ్రెండడుగుల ఘనాకారపు గదిని గట్టించి, దానిని తీగలతోను రేకులతోను గప్పించి, దీపములతోను విద్యుత్పరీక్షా సాధనములతోను దాను లోపల గూర్చుండెను. వెలుపల నిప్పురవ్వలు లేచుచున్నను లోపల విద్యుత్తు జాడయే కానరాలేదు. మన యాంప్లిఫయరును లోహపు పెట్టెలో నుంచి, ఆ పెట్టెను భూమికి గలుపుటచే బయటి హోరు కొంత తొలగుటయే గాక, తీగ తెగి పెట్టెకు దగిలినను ప్రాణాపాయము తప్పును.

ఫారడే పేరుప్రతిష్ఠలు వచ్చినను సర్ బిరుదమును గైకొనలేదు. రాయల్ సొసైటీ యధ్యక్షపదవిని నిరాకరించెను. తన చిన్న సంఘమునందు నిరాడంబరముగా జీవించెను. బాలురకై క్రిస్మసు ఉపన్యాసములను 19 సంవత్సరములు నడపెను. జ్ఞాపకశక్తి క్షీణించినను దినచర్య వ్రాయుట మానలేదు. అందు వరుససంఖ్యలు 16 వేలు దాటినవి. విఫలమైన ప్రయోగములును అందు గలవు. 1867 ఆగస్టు 25వ తేదీని హాంప్టన్ కోర్టులో తన కుర్చీయందే ప్రశాంతముగా గన్నుమూసెను.

ఆయన గతించిన 35 ఏండ్లకు, 1902లో, శివసముద్రపు జలపాతమున బుట్టిన విద్యుత్తు సుమారు 92 మైళ్లు పయనించి, మన యూరికి పడమట ననతిదూరముననున్న కోలారు బంగారుగనులకు వచ్చెను. పంపుచోట వోల్టేజిని బెంచినదియు, గనులయొద్ద దించినదియు ఆ యినుప వలయపు సంతతియే. ఆ గనులు 2001లో మూతపడినవి. ఆ సూత్రము మాత్రము మన ప్రతి వీధిలోను పనిచేయుచున్నది.

విద్యార్థులారా! మీరు మొదటిసారి ఆంప్లిఫయరును గూర్చునప్పుడు 230 వోల్టుల తీగలను మీరు ముట్టక, తగిన బలముగల మూసిన అడాప్టరును గొని తక్కువ వోల్టుల భాగమునుండియే ప్రారంభింపుడు. ట్రాన్స్‌ఫార్మరు కట్టు దినము వచ్చినప్పుడు పని తెలిసిన పెద్దవారిని ప్రక్కన నుంచుకొని, ఫ్యూజును మఱువక అమర్చుడు. తల్లిదండ్రులారా! ఆ కమ్మరి యన్న యిచ్చిన షిల్లింగును స్మరించి, బిడ్డలకు పనిముట్ల నొసగుటతోపాటు వారి చెంత కొంతసేపు గూర్చుండుడు.