పిల్లల తోటమాలి ఫ్రోబెల్

— ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

మన ఊళ్ళలో ఏ కాన్వెంటు బోర్డు చూసినా ఎల్.కె.జి., యు.కె.జి. అని వుంటుంది. అందులో కె.జి. అంటే కిండర్‌గార్టెన్. జర్మన్ భాషలో పిల్లల తోట అని అర్థం. ఆ పేరు పెట్టిన మహనీయుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. పేరు మన దాకా వచ్చింది గాని, ఆయన కథ రాలేదు. సైన్సు చదువుతున్న రైతుబిడ్డగా ఆయన జీవితం నాకు చాలా దగ్గరగా తోచింది. అడవిలో పని నేర్చి, స్ఫటికాలను పరిశీలించి, ఆ తరువాతనే ఆయన పసిపిల్లల దగ్గరకు వచ్చాడు.

1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింగియా కొండప్రాంతంలో ఒక చిన్న గ్రామంలో ఫ్రోబెల్ జన్మించాడు. తండ్రి చర్చి పాస్టరు. ఏడాది నిండకుండానే తల్లి కన్నుమూసింది. తండ్రికి తీరిక లేదు, సవతి తల్లికి తన బిడ్డ పుట్టాక ఇతని మీద ప్రేమ లేదు. పదేళ్ళప్పుడు మేనమామ ఇంటికి చేరాక గాని ఆ పిల్లవాడికి తోటివాళ్ళతో ఆటలంటే ఏమిటో తెలియలేదు. 15వ ఏట ఒక అటవీ అధికారి దగ్గర పనికి కుదిరాడు. 1799లో జేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. అయితే అప్పు తీర్చలేక విశ్వవిద్యాలయం జైలులోనే తొమ్మిది వారాలు గడిపి, చదువు మధ్యలో ఆపి ఇంటిదారి పట్టాడు. ఫీజుల బాధ ఎరిగిన విద్యార్థి మిత్రులకు ఈ ఘట్టం వేరే వివరించనక్కర లేదు.

1805లో భవన నిర్మాణం నేర్చుకుందామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి, అనుకోకుండా ఒక బడిలో మేష్టరయ్యాడు. 1808 నుంచి రెండేళ్ళు స్విట్జర్లండులో పెస్టలోజీ అనే విద్యావేత్త బడిలో గడిపాడు. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్ళాడు. తిరిగివచ్చి బెర్లిన్‌లోని ఖనిజ మ్యూజియంలో సహాయకుడుగా చేరాడు. అక్కడ స్ఫటికాలతోనే ఆయన పని. స్ఫటికాన్ని ఎవరూ బయటినుంచి చెక్కరు. తన నియమం ప్రకారం అదే పెరుగుతుంది. లాబ్‌లో పటిక ద్రావణంలో దారం వేలాడదీసి చూసినవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. పిల్లల ఎదుగుదల కూడా ఇలాంటిదేనని ఆయన గ్రహించాడు.

1816లో అన్నల పిల్లలను చేరదీసి బడి పెట్టాడు. మరుసటి ఏడు అది కైల్‌హావు గ్రామానికి మారింది. అయితే పిల్లలు బడికొచ్చే వేళకే వాళ్ళ మనసు చాలావరకు రూపు కట్టిపోతున్నదనీ, అసలు పని అంతకుముందే మొదలవ్వాలనీ ఆయనకు అర్థమయింది. 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో పసివాళ్ళ కోసం ఒక సంస్థ ప్రారంభించాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని నామకరణం చేశాడు.

అక్కడ పలకా బలపం ముందుగా ఇచ్చేవారు కాదు. మొదట ఆరు రంగుల ఊలు బంతులు. తరువాత చెక్కతో చేసిన గోళం, ఘనం, స్తూపం. ఆ పైన ఎనిమిది ముక్కలుగా విడిపోయే ఘనం. బంతి ఊపుతూ పాట పాడతారు. ముక్కలు పేర్చి ఇల్లు కడతారు, ఆ ఇంటికొక కథ అల్లుతారు. ఎనిమిదింటిలో సగమెంతో చెప్పకుండానే చేతికి తెలిసిపోతుంది. 1844లో తల్లుల కోసం ఒక పాటల పుస్తకం తెచ్చాడు. రొట్టెలు చేసేవాడు, వడ్రంగి, గడ్డి కోసేవాడు అందులో వున్నారు. వేళ్ళు ఆడిస్తూ పాడుకునే పాటలవి. గడ్డి కోతకూ బిడ్డ తాగే పాలకూ వున్న సంబంధం పాఠంతో పని లేకుండా పాటలోనే తెలుస్తుంది. ఇక తోట అన్నమాట ఉత్తి అలంకారం కాదు. ప్రతి పిల్లవాడికీ సొంతంగా చిన్న మడి వుండేది. నారుమడి ఎరిగిన మాబోటి వాళ్ళకు దీని విలువ చెప్పాలా? నారు త్వరగా ఎదగాలని ఎవరూ పైకి లాగరు కదా!

స్త్రీలకు ఉద్యోగమే అరుదైన ఆ రోజుల్లో ఆయన యువతులకు శిక్షణ ఇచ్చి టీచర్లుగా తయారుచేశాడు. కాని 1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారని అభియోగం. సోషలిస్టు అయిన అన్న కొడుకు కార్ల్ రాతలను ఈయనకు అంటగట్టారు. ఎంత మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. 1852 జూన్ 21న, నిషేధం అమలులో వుండగానే, ఆయన కన్నుమూశాడు. 1860లో నిషేధం తొలగింది. ఆయన దగ్గర నేర్చుకున్నవారు, ముఖ్యంగా స్త్రీలు, అప్పటికే ఆ పద్ధతిని దేశదేశాలకు తీసుకుపోయారు. ఆయన సమాధి మీద ఘనం, స్తూపం, గోళం ఒకదానిపై ఒకటి నిలిపారు.

ప్రభుత్వం నిషేధించినా బతికిన ఆ తోట, మన దగ్గర నిషేధమేమీ లేకుండానే వాడిపోతోందేమోనని నా భయం. మూడేళ్ళ పిల్లకు డిక్టేషను, హోంవర్కు! మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఆటపాటలతోనే చదువు సాగాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. మనలో రేపు బి.ఇడి. చేసేవాళ్ళున్నారు, తల్లిదండ్రులయ్యేవాళ్ళూ వున్నారు. ఇంట్లో చిన్నవాళ్ళను బడిలో వేసేటప్పుడు ఎన్ని పుస్తకాలిస్తారని అడగడం మన అలవాటు. ఇకమీదట ఎన్ని పాటలు పాడిస్తారు, ఎంతసేపు ఆడిస్తారు అని అడుగుదాం. ఫ్రోబెల్‌కు మనం చేయగల నివాళి అదే.