రవివర్మ: తైలచిత్రముపై తుదిపూత

దిల్‌సుఖ్‌నగరు, లాల్‌బహదూరు నగరు ప్రాంతముల వీధులలో పటములు కట్టు దుకాణముల ముందు నిలిచినవారికి తామరపూవుపై నిలిచిన లక్ష్మియు, వీణ చేత బట్టిన సరస్వతియు కనబడక మానరు. కొత్తపేట, సరూరునగరు వంటి పల్లెలు భాగ్యనగరములో కలిసిపోయినను, ఇండ్లలోని పూజామందిరములయందు ఆ రూపములు మాత్రము మారలేదు. వానిని సామాన్యుల గోడల మీదికి తెచ్చిన చిత్రకారుడు రాజా రవివర్మ.

ఆయన 1848వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానములోని కిళిమానూరునందు జన్మించెను. మేనమామ రాజరాజవర్మయే తొలి గురువు. 1862లో, పదునాలుగవ యేట, ఆ మేనమామ బాలుని తిరువనంతపురమునకు గొనిపోయి మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆదరమునకు పాత్రుని జేసెను. నీటిరంగులు త్వరలోనే స్వాధీనమయ్యెను. తైలవర్ణముల విద్య మాత్రము చేతికి చిక్కలేదు. ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకరు దానిని నేర్పుటకు నిరాకరించెను. ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్ళై రాత్రివేళల రహస్యముగ వచ్చి తెలిసినంత చెప్పిపోయెడివాడందురు. 1868లో థియొడోర్ జెన్సన్ అను పాశ్చాత్య చిత్రకారుడు కొలువునకు వచ్చెను. ఆయనయు నేర్పలేదు, తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్రము అనుమతించెను. చూచినదానిని ఇంటికి పోయి సాధనచేసి, తప్పులు తానే దిద్దుకొని, రవివర్మ ఆ విద్యను సంపాదించెను.

అంతగా దాచదగినది అందేమున్నదని పాఠకులకు తోచవచ్చును. నీటిరంగు నీరు ఆవిరికాగానే ఆరును. అవిసెనూనెతో నూరిన రంగు గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. పైపొర ఆరినట్లు తోచినను లోపొర పచ్చిగనే యుండును. అందుచేత చిత్రము ముగిసిన పిదప ఆరు మాసములు మొదలు సంవత్సరము వరకు ఆగి, అప్పుడు గాని వార్నిషు పూయరాదని పెద్దల నియమము. త్వరపడినచో రెండు పొరలును వేర్వేరుగ ముడుచుకొని బీటలు వారును. డామర, మాస్టిక్ మున్నగు చెట్టుజిగురులను కర్పూరతైలమున కరగించి, దుమ్ము లేని చోట, వెడల్పైన కుంచెతో పలుచగ పూయుదురు. వానకాలపు తేమలో పూసిన పూతపై తెల్లని మసక క్రమ్మును. సరిగా పూసినచో నూనె ఇంకి వెలవెలబోయిన చోట్ల నీడలకు తిరిగి లోతు వచ్చును. దీపపు పొగయు, ధూళియు రంగును నేరుగా తాకవు. తెల్ల డామర నిచ్చు వృక్షము కేరళపు అడవులలోనే పెరుగును. జిగురు ఇంటిముంగిట నున్నను విద్య పరదేశియై యుండుట విచిత్రము.

తరువాతి కీర్తి సుప్రసిద్ధము. 1873లో మద్రాసు ప్రదర్శనమున బహుమానము, అదే యేట వియన్నాలో గుర్తింపు, 1893లో చికాగోలో పురస్కారములు లభించెను. బరోడా మహారాజునకు పురాణగాథలను చిత్రించి యిచ్చెను.

అయినను తైలచిత్రము రాజుల మందిరములకే పరిమితము. వానిని అచ్చు వేయించి ప్రజలకు చేర్చవలెనని సర్ టి. మాధవరావు చేసిన సూచన రవివర్మ మనస్సున నాటెను. 1894లో బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పి, జర్మను నిపుణులను రప్పించెను. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి చొప్పున అచ్చుదీసి, తుదకు కాగితముపై వార్నిషు పూయగా, అది తైలచిత్రమువలె నిగనిగలాడెడిది. చిత్రశాలలో కాపుదలకై పూసెడి పూత ఇచ్చట కాగితమునకు వేషమయ్యెను. దీనివలన కళ చౌకబారినదని ఆక్షేపించినవారు కలరు. ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు; కాని అప్పటివరకు దేవాలయమున ప్రవేశమే లేనివారి యింటికి సయితము దేవత చేరినదన్న మాటను వారు లెక్కింపలేదు. వ్యాపారము మాత్రము ఆయనకు కలసిరాలేదు. ముద్రణాలయము లోణావళా సమీపమున మళవ్లీకి మారెను, అప్పులు పెరిగెను, చివరకు అది ష్లైషర్ అను జర్మను నిపుణుని పరమయ్యెను.

1902లో రవివర్మయు, తమ్ముడు రాజరాజవర్మయు హైదరాబాదునకు వచ్చి ప్రఖ్యాత ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళు అతిథులుగ నుండిరి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువు నుండి చిత్రములు వ్రాయు పని లభించునని ఆశించిరి. ఆ ఆశ ఫలింపలేదు. ప్రపంచమెరిగిన చిత్రకారుడు మన నగరమున నిరీక్షించి వట్టిచేతులతో మరలుట నేడు తలచుకొన్నను మనసు నొచ్చును.

1905లో తమ్ముడు మరణించెను. అన్నకు అతడు కుడిభుజము. పెక్కు చిత్రములలో ప్రకృతిదృశ్యములు అతని చేతివే. మరుసటి యేట, 1906 అక్టోబరు 2వ తేదీన, రవివర్మ కిళిమానూరునందు పరమపదించెను.

జిగురు వార్నిషు ఏండ్లు గడచినకొలది పచ్చబడి, గోధుమరంగునకు తిరిగి, నీలాకాశమును ఆకుపచ్చగను, తెల్లని చీరను మాసినదానిగను చూపును. అట్టి పొరను నిపుణులు దూదిపుల్లతో ద్రావకమును అద్ది, వ్రేలెడు వ్రేలెడు చోటు చొప్పున తొలగించి, క్రొత్తపూత వేయుదురు. క్రింది రంగు కదలరాదు. నగరమున సాలార్‌జంగ్ మ్యూజియమునందు రవివర్మ చిత్రములు కలవు. లాల్‌బహదూరు నగరు నుండి దిల్‌సుఖ్‌నగరు, మలకుపేట, చాదర్‌ఘాటుల మీదుగ మూసీ తీరమునకు పోయినవారు వానిని కన్నులార చూడవచ్చును. చిత్రమునకు ఎదురుగ గాక కొంచెము ప్రక్కకు నిలిచి చూచినచో, వెలుగు పడినచోట ఆ తుదిపూత మెరయుట కనబడును.