వార్మ్ స్ప్రింగ్సు నందు రూజ్వెల్టు

ఫ్రాంక్లిను రూజ్వెల్టు పేరు మన విద్యార్థు లెఱుగనిది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల యధ్యక్షపదవికి నాలుగు పర్యాయము లెన్నికైనవా డాయన యొక్కడే. ఆయన రాజ్యతంత్రమును గూర్చి చరిత్ర గ్రంథములు విస్తారముగా చెప్పుచున్నవి. కావున దానిని విడిచి, కాళ్లు చచ్చుపడిన ఆ మహాశయుడు తనవంటి రోగుల నడుమ బంధువర్గము నెట్లు సంపాదించుకొనెనో, ఆ సంగతినే యిచ్చట వ్రాయ దలచితిమి.

ఆయన 1882వ సంవత్సరము జనవరి 30వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి హైడ్ పార్కున సంపన్న కుటుంబమున జన్మించెను. విద్య, ధనము, రూపము, పదవి అన్నియు నాయనకు లభించెను. 1921 ఆగష్టు నెలలో, 39 ఏండ్ల ప్రాయమున, కాంపొబెల్లో దీవియందు సెలవులు గడపుచుండగా జ్వరము తగిలి, కొలది దినములలో కాళ్లు స్వాధీనము తప్పెను. పోలియో యను శిశుపక్షవాతమని వైద్యులు నిర్ణయించిరి.

మూడేండ్లు పలు చికిత్సలు చేయించుకొని, 1924 అక్టోబరులో ఆయన జార్జియా రాష్ట్రమందలి వార్మ్ స్ప్రింగ్సు అను పల్లెకు పోయెను. అచ్చట 88 డిగ్రీల ఫారన్‌హీటు వేడిమిగల యూటనీరు నిరంతరము వెలువడుచుండును. ఆ నీటిలో శరీరము తేలికయగుటచే, నేలపై నిలువని కాళ్లను కొంత కదలింప గలిగెను. ఈ వార్త పత్రికలలో వెలువడగా, మఱుసటి యేడు పిలువకయే రోగులు రాసాగిరి.

అచ్చటి హోటలులో దిగిన యితరులు అంటువ్యాధి యను భయముచే వారితో కలసి భుజించుటకును, ఒక్క కొలనున దిగుటకును అంగీకరింపలేదు. రూజ్వెల్టు రోగులను పంపివేయలేదు. వారికి వేఱుగ భోజనశాలను, వేఱుగ కొలనును ఏర్పఱచి, తానును వారితోనే నీటిలో దిగి, తాను నేర్చిన వ్యాయామములను వారికి నేర్పెను. వారాయనను డాక్టరు రూజ్వెల్టని వేడుకగా పిలిచెడివారు. 1926లో సుమారు రెండు లక్షల డాలర్లు వెచ్చించి ఆ స్థలమును కొనెను. అది ఆయన సొంత ఆస్తిలో అధికభాగము. మఱుసటి సంవత్సరమే దానిని ధర్మసంస్థగా నెలకొల్పెను.

ఆ నీరు ఆయన కాళ్లను బాగుచేయలేదు. కడవఱకు ఇనుపకట్లు లేక ఆయన నిలువజాలడయ్యెను. ఆ స్థలమిచ్చిన మేలు వేఱు. తమ యూళ్లలో ఒంటరులై, చూచువారి జాలికి సిగ్గుపడినవారు అచ్చట తలయెత్తి తిరుగసాగిరి. చక్రముల కుర్చీయు, ఊతకఱ్ఱయు అచ్చట వింతలు కావు. నీటిలో బంతులాడిరి, నవ్వుకొనిరి. అన్యత్ర తన కుంటితనమును మఱుగుపఱచుకొనిన రూజ్వెల్టు, అచ్చట బక్కచిక్కిన కాళ్లతో నందఱి యెదుట కొలనున దిగెడివాడు. కృతజ్ఞతార్పణ పండుగ విందునకు పలుమార్లు వచ్చి, రోగుల పంక్తిలో కూర్చుండి, స్వహస్తములతో వడ్డనకు మాంసము కోసెడివాడు.

ఒక కొఱతను దాచరాదు. ఆ దేశాచారము ననుసరించి నల్లజాతి రోగులను అచ్చట చేర్చుకొనలేదు. వారికొఱకు 1941లో టస్కీగీ యందు వేఱొక చికిత్సాలయము తెఱవబడెను. వేఱు పంక్తియు, వేఱు బావియు నెఱిగిన మన దేశస్థులకు ఆ బాధను వివరింప నక్కఱలేదు.

1938లో ఆయన పోలియో నివారణకై జాతీయ సంస్థను స్థాపింపగా, సామాన్యజనులు పది సెంట్ల నాణెములు పంపిరి. 1945 ఏప్రిలు 12వ తేదీన వార్మ్ స్ప్రింగ్సునందే ఆయన మరణించెను. సరిగా పదియేండ్లకు, 1955లో అదే తేదీన, ఆ ధనసహాయముతో సాల్కు పండితుడు కనిపెట్టిన టీకా గుణకారియని ప్రకటింపబడెను. 2014లో మన దేశమును పోలియోరహితమని ధ్రువపఱచిరి.

విద్యార్థులారా! దీర్ఘవ్యాధిచే ఆటలకు రాలేని తోటివారు మీ తరగతిలోను, మీ వీధిలోను ఉందురు. వారికి స్వస్థత నిచ్చుట మన వశము కాదు. మన పంక్తిలో చోటిచ్చుట మన వశమే.