15 నెలలు ఆగిన బాప్తిస్మం

దళిత క్రైస్తవుల ప్రస్తావన రాగానే, గంజి కోసం మతం మారినవారన్న నింద నేటికీ వినిపిస్తుంది. ఆ నింద విన్న ప్రతిసారీ నాకు ఎర్రగుంట్ల పేరయ్య గుర్తుకొస్తారు.

కనిగిరి ప్రాంతంలోని తలకొండపాడు ఆయన ఊరు. కులం మాదిగ, వృత్తి తోలుపని. క్రీస్తు పేరు వినకముందే ఆయన రాజయోగ సాధకుడు, తనవారికి గురువు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం దూదేకుల సిద్ధయ్యను, మాదిగ కక్కయ్యను శిష్యులుగా చేర్చుకున్న కథలు ఊరూరా తిరిగిన నేల అది. కులం గీసిన గీత దాటి జ్ఞానాన్ని వెతకడం అక్కడి పేదలకు మిషనరీలు నేర్పిన పని కాదు.

చర్మాల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు పేరయ్య క్రైస్తవ బోధ విన్నారు. 1866 మార్చిలో భార్య నాగమ్మతో కలిసి లైమన్ జ్యూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది ఆ తర్వాతే. 1867 జనవరిలో క్లౌ తలకొండపాడు చేరేసరికి పేరయ్య బోధ విన్న 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. చరిత్ర ఆ ఉద్యమాన్ని క్లౌ పేరుతో రాసుకుంది. దారి వేసినది మాత్రం పేరయ్య.

కొత్తగా చేరినవారికి నియమాలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చూడటానికి చిన్నవే అయినా ఇవి ఊరి కట్టుబాటు పునాదినే కదిలించాయి. జాతరలో డప్పు కొట్టబోమన్న మాదిగలకు ఊరి పెద్దలు పనులు నిరాకరించారు, బావులు మూసివేశారు. వారు తిరగబడలేదు, మాట వెనక్కి తీసుకోనూ లేదు. నా దృష్టిలో ఓర్పు అంటే అదే. అణగి ఉండటం వేరు.

అసలు పరీక్ష 1876-78 నాటి కరువు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎండిపోయాయి. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. పగలు పనిని పర్యవేక్షించిన మాదిగ బోధకులే రాత్రి వాక్యం చెప్పారు. బాప్తిస్మం అడిగినవారు కోకొల్లలు. అయినా 15 నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కూటికి ఆశపడి ఎవరూ రాకూడదన్నది ఆ నిర్ణయం వెనుక ఆలోచన. సాయం అందడం ఆగిపోయాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఉద్యమం కంభం, మార్కాపురం తాలూకాలకూ పాకింది. 1970 దాకా అవి కర్నూలు జిల్లావే.

గంజి కోసమే వచ్చి ఉంటే, గంజి ఆగాక ఎందుకు వచ్చినట్టు?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ మనుషుల వారసులను షెడ్యూల్డ్ కులాల జాబితా వెలుపలే ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరుచుకుంది. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు నేటికీ బీసీ-సీ. గుడి మారినా వాడ మారలేదని ఊరికి తెలుసు, చట్టానికే తెలియదు. పేరయ్య తరం తన నిజాయితీని 15 నెలల్లో రుజువు చేసుకుంది. రాజ్యాంగం అమలైన ఏడు దశాబ్దాల తర్వాత కూడా వారి మునిమనవలను ఓర్పు పట్టమనడం న్యాయమా అన్నదే నా ప్రశ్న.